పురుగు కుబుసం, దాని లోపల తిరిగే బండ్లు

పోయిన ఫిబ్రవరిలో మడకశిర దగ్గర మా చిన్నమ్మోళ్ల ఊరికి పోయింటిమి, మా అన్న కొడుకు కూడా వచ్చినాడు, ఆరో తరగతి చదువుతున్నాడు. చిన్నమ్మోళ్లది పట్టుపురుగుల షెడ్డు. వీడు సంబరంగా చేతినిండా మల్బరీ ఆకు పట్టుకుని స్టాండు మీద పరవబోతే చిన్నమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది, "ఒరే నాయనా, జరానికి పోయినాయి, ఆకెయ్యద్దు" అని. పట్టుపురుగుల పని తెలిసినోళ్లకి ఇది చెప్పక్కర్లేదు, పురుగు కుబుసం విడిచే సమయాన్ని మన వైపు జ్వరం అంటారు, మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్కపెడతారు, మొత్తం నాలుగు. అప్పుడు పురుగు ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది, పడక ఆరాలని పైన సున్నం చల్లుతారు.

వాడికి ఆ వారమే బళ్లో నులిపురుగుల మాత్ర వేసినారు, ఫిబ్రవరి 10న వేస్తారు కదా, ఆల్బెండజోల్, అది. దాంతో వాడి ప్రశ్న, "మరి కడుపులో ఉండే నులిపురుగుకి కూడా జ్వరం వస్తుందా బాబాయ్?"

నవ్వేసి ఊరుకోవచ్చు గానీ సమాధానం నిజంగానే అవును. నులిపురుగులు కూడా నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి, అప్పుడు తిండి మానేస్తాయి, మందకొడిగా పడుంటాయి. పట్టుపురుగు, నులిపురుగు ఒకదానికొకటి దగ్గరగా కనపడవు కానీ కుబుసం విడిచే జీవులన్నీ ఒకే పెద్ద వంశం అని 1997లో ఒక ప్రతిపాదన వచ్చింది, మొదట్లో గట్టి వాదనలే నడిచాయి, ఇప్పుడు చాలామంది ఒప్పుకున్నారు. వాడికి అక్కడ అర్ధగంట చెప్పినా పూర్తి కాలేదు, ఎందుకంటే అసలు ప్రశ్న తర్వాత వచ్చింది: పాత తోలు ఊడకముందే కింద కొత్త తోలు తయారై ఉండాలి కదా, దాన్ని ఎవరు, ఎట్లా, సరిగ్గా అదే టైముకి తెచ్చి పెడతారు?

ముందు ఏ పురుగు గురించో తేల్చుకుందాం

పురుగు అనే మాటతో మనకొచ్చే తికమక ఇంతా అంతా కాదు. పట్టుపురుగు కీటకం. వానపాము వేరే జాతి, అది కుబుసం విడవదు. నులిపురుగులు, అంటే నెమటోడ్లు, మూడో రకం: కాళ్లుండవు, ఒళ్లు దారంలా గుండ్రంగా ఉంటుంది. పిల్లల కడుపులో ఉండే ఏలికపాములు, కొంకిపురుగులు ఈ గుంపే, దానిమ్మ తోటల్లో వేర్లకి బుడిపెలు తెప్పించేది కూడా ఈ గుంపే, అనంతపురం దానిమ్మ రైతుకి ఇది పరిచయం చేయక్కర్లేదు.

సైంటిస్టులు ఎక్కువగా చదివేది మాత్రం ఎవరికీ హాని చేయని ఒక నులిపురుగుని. పేరు సీ. ఎలిగాన్స్, పొడవు 1 మిల్లీమీటరు, కుళ్లిన పండ్ల మీద బ్యాక్టీరియా తిని బతుకుతుంది. సిడ్నీ బ్రెన్నర్ అనే ఆయన 1960ల్లో దీన్ని ఎంచుకున్నాడు, 1974లో దీని జన్యువుల మీద పెద్ద పేపరు రాశాడు, 2002లో హార్విట్జ్, సల్‌స్టన్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. ఎందుకింత మోజు అంటే అది గాజులా పారదర్శకం, మైక్రోస్కోపు కింద పెడితే బతికున్న పురుగు లోపల ప్రతి కణం కనపడుతుంది. ఆడా మగా ఒకటే అయిన మామూలు పెద్ద పురుగులో శరీర కణాలు సరిగ్గా 959, అట్లాంటి ప్రతి పురుగులోనూ అంతే. గుడ్డు నుంచి బయటపడ్డాక మూడు రోజుల్లో పెద్దదైపోతుంది, ఆ మూడు రోజుల్లోనే నాలుగు జ్వరాలూ.

పురుగు తోలు అంటే రెండు పొరలు

ఇక్కడ మాటలు జాగ్రత్తగా వాడాలి. మన చర్మం అంటే కణాల దొంతర, పైపైన చచ్చిన కణాలు రాలిపోతూ ఉంటాయి. పురుగుది అట్లా కాదు. కింద బతికున్న ఒకే ఒక కణాల పొర, దాని మీద ఆ కణాలే బయటికి పోసి అల్లిన ప్రాణం లేని ఒక కోటు. ఆ కోటుని క్యూటికల్ అంటారు, ఊడినప్పుడు అదే కుబుసం. ఈ వ్యాసంలో నేను తోలు అన్నప్పుడల్లా రెండూ కలిపి అని అర్థం.

కింది పొరలో ఒక వింత ఉంది. ఒంటిని చాలావరకు కప్పేది హైప్-7 అనే ఒకే పెద్ద కణం, చాలా కణాలు గోడలు చెరిపేసుకుని ఒకటైపోయినది, పెద్ద పురుగులో అందులో 139 కేంద్రకాలు ఉంటాయి. ఉమ్మడి కుటుంబంలో గదుల మధ్య గోడలు కొట్టేసి ఒకే హాలు చేసినట్టు.

పై కోటు మందం పెద్ద పురుగులో సుమారు అర మైక్రాన్, అంటే మన వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. దానిలో ఎక్కువ భాగం కొలాజెన్ అనే తాడులాంటి ప్రోటీన్. ఈ పురుగుకి ఉన్న జన్యువులు మొత్తం 20 వేల దాకా ఉంటే అందులో 170కి పైగా ఈ కోటు కొలాజెన్ల కోసమే, అంత చిన్న పురుగుకి అన్ని రకాల దారాలు! ధర్మవరం మగ్గం దగ్గర కూర్చున్నోళ్లకి ఇది వింతగా అనిపించదనుకుంటా, ఒంటికి ఒక పోగు, అంచుకి ఒకటి, కొంగుకి జరీ, ఏది ఎప్పుడు ఎక్కడ పడాలో లెక్క తప్పితే చీర కాదు. పురుగు కోటులో కూడా పైన చుట్టూ వరసగా గాడులుంటాయి, ఆ గాడుల కొలాజెన్లు వేరే, గాడికి గాడికి మధ్యలోవి వేరే, పెద్ద పురుగు కోటు మధ్యలో ఉండే చిన్న చిన్న స్తంభాలవి ఇంకా వేరే.

ఈ కోటు చేసే పని చిన్నది కాదు. నులిపురుగుకి ఎముకల్లేవు, లోపలి ద్రవం ఒత్తిడే దానికి వెన్నెముక, గాలి నింపిన సైకిల్ ట్యూబులా బిర్రుగా ఉంటుంది. ట్యూబుకి బయట టైరు ఎంత ముఖ్యమో దీనికి కోటు అంత ముఖ్యం, కోసినావంటే లోపలిదంతా బయటికి తన్నుకొస్తుంది.

ఏ దారం తెగితే ఏమైతుందో పేర్లలోనే ఉంది. కొన్ని కొలాజెన్లు పాడైతే పురుగు పొట్టిగా బొద్దుగా అయిపోతుంది, ఆ జన్యువులన్నిటికీ డంపీ అనే మాట నుంచి డీపీవై అని పేరు పెట్టారు. రోల్-6లో ఒక మార్పొస్తే కోటు మెలితిరుగుతుంది, పురుగు నేరుగా పోలేక గుండ్రంగా దొర్లుకుంటూ తిరుగుతుంది. బీఎల్ఐ-1, బీఎల్ఐ-2 పాడైతే ఆ స్తంభాలు లేక కోటు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరి బొబ్బలొస్తాయి. పూరీ ఉబ్బినట్టు ఉంటుంది చూడ్డానికి.

ప్రోటీన్ పుట్టిన చోట పనికి రాదు

ఇంతవరకు చెప్పింది సరుకు గురించి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, జన్యువు ఉంది, కొలాజెన్ తయారైంది, తోలు వచ్చింది అని. కానీ కొలాజెన్ తయారయ్యేది కణం లోపల, కావాల్సింది కణం బయట, మధ్యలో కొవ్వు పొర అడ్డం. ఈ ప్రయాణాన్నే ప్రోటీన్ ట్రాఫికింగ్ అంటున్నారు, మన ట్రాఫిక్ జాం మాటే.

అనంతపురం బస్టాండులో కార్గో కౌంటరు చూసుంటారు కదా. పార్సెల్ మీద చీటీ అతికిస్తారు, కళ్యాణదుర్గమా గుంతకల్లా అని విడదీస్తారు, ఆ రూటు బండిలో ఎక్కిస్తారు, అక్కడ దించుకుంటారు. కణంలో కూడా దాదాపు ఇదే వరస.

చీటీ అంటే ప్రోటీన్ మొదట్లో ఉండే చిన్న ముక్క, సిగ్నల్ పెప్టైడ్, "నన్ను బయటికి పంపండి" అని చెప్పేది, దీన్ని కనిపెట్టినందుకు గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ ఇచ్చారు. ఆ చీటీ ఉన్న ప్రోటీన్ తయారవుతూనే ఈఆర్ అనే మడతల సంచీలోకి దూరుతుంది, మన బడి పుస్తకంలో అంతర్జీవద్రవ్య జాలం అని బట్టీ పట్టించేది అదే. అక్కడి నుంచి చిన్న చిన్న తిత్తుల్లో గాల్జీకి పోతుంది, గాల్జీ అంటే సార్టింగ్ డిపో అనుకోండి. ఈఆర్ నుంచి తిత్తిని ఊడదీసే తొడుగు పేరు కాప్-2. గాల్జీ నుంచి ఇంకో తిత్తి, అది కణం పై పొరకి తగిలి కలిసిపోతుంది, లోపలి సరుకు బయట పడుతుంది. ఏ తిత్తి ఎక్కడ ఆగాలో చూసుకునేవి ర్యాబ్ ప్రోటీన్లు, ఆగినాక పొరలో పొర కలిపేవి స్నేర్ ప్రోటీన్లు. తిత్తులు దూరం పోయేటప్పుడు సూక్ష్మనాళికల మీద పోతాయి, అవి పట్టాలు. ఈ తిత్తుల లెక్క తేల్చినందుకు 2013లో రాత్‌మన్, షెక్‌మన్, సుడోఫ్‌లకి నోబెల్.

కార్గో పోలిక ఒక చోట చెడిపోతుంది, అది చెప్పకపోతే తప్పుదారి పట్టించినట్టే. మన పార్సెల్ ఎక్కించింది ఎక్కించినట్టే దిగుతుంది. కొలాజెన్ మాత్రం దారిపొడవునా మారుతూ పోతుంది, పత్తి ఎక్కిస్తే దారిలో దారమై, అద్దకమై, దిగేటప్పటికి మగ్గానికి సిద్ధమైనట్టు.

ఒక్క కొలాజెన్ వెంట పోయి చూద్దాం

డీపీవై-7 అనే గాడి కొలాజెన్ తీసుకుందాం.

కొత్త కోటు పోయడానికి కొన్ని గంటల ముందే దీని జన్యువు మేలుకుంటుంది. అన్ని కొలాజెన్లూ ఒకేసారి మేలుకోవు, గాడులవి ముందు, కొన్ని మధ్యలో, ఇంకొన్ని చివర్లో, ప్రతి కుబుసానికీ మళ్లీ అదే వరస. తయారైన పోగు ఈఆర్‌లో దూరగానే అక్కడ ప్రోలీన్ అనే ముక్కలకి ఒక చిన్న రసాయన గుర్తు పడుతుంది. ఆ గుర్తు లేకపోతే మూడు పోగులు కలిసి పేనిన తాడు గట్టిగా నిలవదు. మనుషుల్లో ఈ పనికి విటమిన్ సి కావాలి, అది లేకే పాతకాలం ఓడ ప్రయాణికులకి చిగుళ్లు కారి స్కర్వీ వచ్చేది, కొలాజెన్ తయారై కూడా తయారు కానట్టే అన్నమాట. పురుగులో ఆ గుర్తు వేసే ఎంజైములో ఒక భాగం డీపీవై-18. అది పోతే పురుగు పొట్టిది, దానికి తోడుండే పీహెచ్‌వై-2 కూడా పోతే గుడ్డులోనే చస్తుంది.

మూడు పోగుల తాడు పేనడం అయ్యాక కాప్-2 తిత్తిలో గాల్జీకి, గాల్జీ నుంచి పై పొరకి. ఈ దారిలో బీఎల్ఐ-4 అనే కత్తెర మొదటి కొసని కత్తిరిస్తుంది. బయట పడ్డాక బీఎల్ఐ-3 అనే ఎంజైము పక్కపక్క తాళ్లని కలిపి కుట్టేస్తుంది. బీఎల్ఐ అంటే బొబ్బ అని ఇందాక చెప్పాను కదా, చూడండి, స్తంభమే లేకపోయినా బొబ్బే, కత్తెర లేకపోయినా బొబ్బే, కుట్టు లేకపోయినా బొబ్బే. బయట కనపడే జబ్బు ఒకటే, లోపల చెడింది మూడు వేర్వేరు చోట్ల.

ఇంకో ముడి ఉంది. గాడి కొలాజెన్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తాయి, వాటిలో ఒకటి రాకపోతే మిగతావి కూడా గాడిలో తమ చోట కనపడవు. పెళ్లి కూతురు రాకుండా పీటల మీద మిగతావాళ్లు కూర్చుని ఏం చేస్తారు. పైగా ఈ గాడులు పోతే కణం ఊరికే ఉండదు, తనకి దెబ్బ తగిలిందనుకుంటుంది, ఉప్పు ఒత్తిడిని, విషాల్ని, క్రిముల్ని తట్టుకునే జన్యువుల్ని మేలుకొలుపుతుంది, నిజానికి దాడి చేసింది ఎవరూ లేరు. వేరే కొలాజెన్లు పోయి పురుగు పొట్టిదైనా ఈ అలారం మోగదు, గాడులవి పోతేనే మోగుతుంది. అంటే కోటు గోడ మాత్రమే కాదు, గోడకి కట్టిన గంట కూడా.

బండి కదలకపోతే: సెక్-23

కాప్-2 తొడుగులో సెక్-23 ఒక భాగం. ఈ పురుగులో అది చెడితే ఏమైతుందో 2003లో వచ్చిన ఒక పనిలో చూశారు. డీపీవై-7 జన్యువు బాగానే ఉంది, ప్రోటీన్ బాగానే తయారైంది, కానీ తోలు కణాల ఈఆర్‌లోనే పేరుకుపోయింది, బయటికి రాలేదు. పిండాలు ఒంటి రూపు సరిగ్గా రాక చచ్చిపోయాయి. కోటు ఎందుకు లేదని జన్యువు దగ్గర వెతికితే ఎన్నేళ్లయినా దొరకదు, తప్పు అక్కడ లేదు.

ఇట్లాంటిదే 2020లో టీమెమ్-131 అనే ప్రోటీన్ గురించి తేలింది. అది ఈఆర్ గోడలో కూర్చుని కొలాజెన్ పోగుల కొసల్ని పట్టుకుని కూర్పుకి, ఆ తర్వాత బండి ఎక్కించడానికి సాయం చేస్తుంది, హమాలీ అనుకోండి. అది లేని పురుగుల్లో కోటుకి కొలాజెన్ సరిగ్గా చేరదు. మనుషుల్లో కూడా దాని చుట్టం ఉంది.

ఆటోలో కరెంటు స్తంభం: తేలని ఒక వాదన

ఇక్కడ జీవశాస్త్రంలో ఒక పాత తగువు ఉంది. కాప్-2 తిత్తి అడ్డం సుమారు 60 నుంచి 90 నానోమీటర్లు. మన ఎముకల్లో, చర్మంలో ఉండే కొలాజెన్ తాడు పొడవు 300 నానోమీటర్లు, వంగదు. ఆటోలో కరెంటు స్తంభం ఎట్లా పడుతుంది?

ఒక పక్షం అనేది, ఆటో కాదు లారీ వస్తుంది అని. పెద్ద సరుకు వచ్చినప్పుడు తొడుగు ఇంకా పెరిగి పెద్ద తిత్తి అవుతుంది అని, అట్లాంటి పెద్ద తొడుగులు తయారయ్యేలా తొడుగులో జరిగే ఒక రసాయన మార్పుని 2012లో చూపించారు. 2009లో దొరికిన టాంగో-1 అనే ప్రోటీన్ కూడా కొలాజెన్‌ని దారి దగ్గరికి తెచ్చి ద్వారం పెద్దది చేస్తుందని మొదట ఇట్లాగే అర్థం చేసుకున్నారు. ఇంకో పక్షం అనేది, బండే అక్కర్లేదు, ఈఆర్‌కీ తర్వాతి సంచీకీ మధ్య కాసేపు ఒక సొరంగం తెరుచుకుంటుంది, స్తంభం అందులోంచి జారిపోతుంది అని. బతికున్న కణాల్ని వీడియో తీసినోళ్లలో కొందరికి పెద్ద బండ్లు ఊరేగింపుగా పోవడం కనపడనే లేదు, అది రెండో పక్షానికి బలం. పెద్ద తిత్తులు కళ్లారా చూశామనేవాళ్లూ ఉన్నారు, అది మొదటి పక్షానికి. రెండూ నిజమై, కణాన్ని బట్టి మారడం కూడా అసాధ్యమేం కాదు.

మరి మన పురుగు ఎవరి వైపు? అది ఈ తగువులో సాక్షిగా అంతగా పనికిరాదు. దాని కోటు కొలాజెన్ పోగు 300 అమైనో ఆమ్లాల (ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటివి) చుట్టుపక్కల ఉంటుంది, మనది వెయ్యి దాటి నాలుగొందల పైచిలుకు. అంటే పురుగుది స్తంభం కాదు, కర్ర, ఆటోలో పడుతుంది. పైగా దానికి టాంగో-1 లేదు. అయినా హమాలీలు కావాల్సి వస్తున్నారు, అదే నాకు ఆసక్తిగా అనిపించేది: సైజు ఒక్కటే సమస్య అయితే పురుగుకి ఈ సాయం అవసరమే ఉండకూడదు కదా.

పంపడం సగమే, వెనక్కి తేవడం మిగతా సగం

నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టినప్పుడు తోలు అంటే బయటికి పోసేదే అనుకున్నా. అసలు మలుపు రెండో దిక్కులో ఉంది, బయటి నుంచి లోపలికి. కణం తన పై పొరని చిన్న గుంటలా లోపలికి లాక్కుని, మెడ బిగించి, తిత్తిగా మింగేస్తుంది, దీన్ని ఎండోసైటోసిస్ అంటారు. గుంటకి బయట బుట్టలా అల్లుకునేది క్లాత్రిన్, ఆ బుట్టని సరుకుతో కలిపే కొక్కెం ఏపీ-2, కొక్కేన్ని పనికి లేపేది ఎఫ్‌చో-1. మింగినాక బుట్ట విప్పేసి ముక్కలు మళ్లీ వాడుకోవాలి.

1999లో ఒక సంగతి బయటపడింది. హైప్-7 పై పొర మీద ఎల్ఆర్‌పీ-1 అనే పెద్ద ప్రోటీన్ ఉంటుంది, బయటి కొవ్వు పదార్థాల్ని పట్టి లోపలికి తెచ్చే రకం. అది లేని పురుగు పాత కుబుసం విడవలేదు. కొత్త కోటు కింద తయారైంది, పాతది ఊడదు, పురుగు అందులోనే చిక్కుకుపోతుంది. బయటికి పంపే దారి బాగుంది, లోపలికి తెచ్చే దారి చెడింది, దెబ్బ మాత్రం తోలు మీదే.

తర్వాత నెకల్-2, నెకల్-3 అనే రెండు కైనేజులు (వేరే ప్రోటీన్లకి ఫాస్ఫేటు తగిలించే ఎంజైములు), వాటికి తోడుండే ప్రోటీన్లు దొరికాయి, 2015 ప్రాంతంలో. ఇవి తగ్గితే పురుగు నడుము దగ్గర పాత కుబుసం ఊడకుండా బిగుసుకుపోతుంది, ముందూ వెనకా పెరుగుతుంది, నడుము మాత్రం సన్నగా, గట్టిగా మొలతాడు కట్టినట్టు. 2020లో ఎందుకో తెలిసింది: నెకల్‌లు లేకపోతే క్లాత్రిన్ బుట్టలు పై పొర దగ్గరే పోగుపడి ఆగిపోతున్నాయి, ఎల్ఆర్‌పీ-1 కూడా అక్కడే ఇరుక్కుపోతోంది.

ఇప్పుడు చూడండి తమాషా. అట్లాంటి పురుగులో ఇంకో జన్యువు, ఆ ఎఫ్‌చో-1, కూడా తీసేస్తే పురుగు బాగైపోయింది! మింగే పనిలో ఒక భాగం చెడింది, ఇంకో భాగాన్ని కూడా చెడగొడితే మంచిదెట్లా అయింది? మార్కెట్ యార్డులో ఆలోచించండి. ఎక్కించే హమాలీలు పదిమంది, దించే హమాలీలు పదిమంది, ఒకరోజు దించేవాళ్లలో ఎనిమిది మంది రాలేదు. బండ్లు దించే చోట నిలిచిపోతాయి, వెనక్కి పోవు, గంటలో యార్డు అంతా జాం. ఎక్కించేవాళ్లని కూడా తగ్గించేస్తే పని నెమ్మదిస్తుంది గానీ బండ్లు కదులుతాయి, ఖాళీ బండి తిరిగొస్తుంది. నెకల్‌లు బుట్ట విప్పే వైపు, ఎఫ్‌చో-1 బుట్ట కట్టే వైపు అనుకుంటే లెక్క సరిపోతుంది. ఎంత మింగింది అనేదాని కన్నా కట్టడానికీ విప్పడానికీ మధ్య తూకమే ఇక్కడ పనిచేసింది.

లోపలికి తెచ్చేది దేనికి అంటే

దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పేవాళ్లని నమ్మకండి, కనీసం మూడు ఆలోచనలున్నాయి. మొదటిది కొలెస్టరాల్. ఈ పురుగు సొంతంగా స్టెరాల్ (కొలెస్టరాల్ కుటుంబం కొవ్వు) తయారు చేసుకోలేదు, బయటి నుంచే తెచ్చుకోవాలి, అందులోంచే దాని హార్మోన్లు రావాలి. కొలెస్టరాల్ లేకుండా పెంచితే కుబుసం తిప్పలే వస్తాయి, ఎల్ఆర్‌పీ-1 లేనప్పటి తిప్పల్లాంటివే. ఇది బలమైన ఆధారం, కాకపోతే రెండు తాళాలు ఒకే రకంగా బిగుసుకుపోయినంత మాత్రాన తాళంచెవి ఒకటే అనలేం.

రెండోది పాత కోటు ముక్కల్ని, బయట తేలుతున్న ప్రోటీన్లని తుడిచి లోపలికి తీసుకుపోవడం. దీనికి బలం 2020లో వచ్చిన ఇంకో సంగతి: కుబుసం సమయంలో తోలు కణాల లైసోసోమ్‌లు, అంటే కణంలో చెత్త కరిగించే తిత్తులు, గుండ్రంగా ఉండటం మానేసి పొడుగు గొట్టాల్లా సాగుతాయి, వాటి పులుపు పెరుగుతుంది. ఇల్లు మారే రోజు చెత్త బండి రెండుసార్లు వచ్చినట్టు. మూడోది సాదా లెక్క, బయటికి పోయే ప్రతి తిత్తీ తన పొరని పై పొరకి కలిపేస్తుంది, వెనక్కి తీసుకోకపోతే పై పొర సాగుతూనే పోతుంది. నాకైతే మొదటి రెండూ కలిసే నడుస్తున్నట్టు అనిపిస్తుంది, మూడోది కాదనడానికి కారణం లేదు గానీ అదొక్కటే పురుగుని పాత కోటులో ఇరికించేంత పని చేస్తుందనుకోను.

మన చర్మానికి దీంతో పనేంది

షెడ్డు దగ్గర మా చిన్నాయన అడిగింది ఇదే, "పురుగు తోలు మీద ఇన్నేండ్లు చదివి ఏం సాధించినారప్పా?" న్యాయమైన ప్రశ్నే. పురుగు తోలు మన తోలు కాదు. దాని కొలాజెన్ కణాల పైన ఉంటుంది, మనది కణాల కింద లోపలి పొరలో. మన పై పొరలో ముఖ్యం కెరాటిన్ అనే ఇంకో ప్రోటీన్. కాబట్టి పురుగులో ఇట్లా అయింది, మనకీ ఇట్లాగే అవుతుంది అని ఫోన్లో వచ్చే కొలాజెన్ పొడి ప్రకటనల లెక్కన చెప్పడం కుదరదు. ఆ పొడి తాగినా పేగులో ముక్కలైపోయాకే ఒంటికి పడుతుంది, తాడు తాడుగా చర్మానికి పోదు, అది వేరే తగువు.

ఒకటయ్యేది సరుకు దగ్గర కాదు, బండ్ల దగ్గర. మనుషుల్లో సెక్-23ఏ జన్యువు చెడితే తల ఎముకలు సరిగ్గా కలవని, కంట్లో పొర వచ్చే ఒక అరుదైన జబ్బు వస్తుందని 2006లో తేలింది, అదే బండి, సరుకు ఇక్కడ ఎముక కొలాజెన్. ఎల్ఆర్‌పీ-1కి మనలో చుట్టమైన ఎల్ఆర్‌పీ-2 చెడితే డోనాయ్-బారో అనే జబ్బు, 2007లో తెలిసింది. చర్మానికి దగ్గరిది ఇంకోటి ఉంది: మన పై చర్మం కణాలు కొవ్వు నింపిన తిత్తుల్ని కణాల మధ్యలోకి వదులుతాయి, నీరు బయటికి పోకుండా ఆపేది ఆ కొవ్వే. తిత్తి పొర కలిపే స్నాప్-29 అనే స్నేర్ ప్రోటీన్ లేని పిల్లలకి ఆ కొవ్వు సరిగ్గా దిగదు, చర్మం చేప పొలుసుల్లా కడుతుంది, నరాలూ మెదడూ కూడా దెబ్బతింటాయి, ఈ సంగతి 2005లో వచ్చింది. ఆ పిల్లల్లో కొవ్వు తయారయ్యే పని ఆగలేదు.

మాత్ర తగిలేది పట్టాలకి

మా వాడి బళ్లో వేసిన మాత్ర దగ్గరికి మళ్లీ వస్తే, ఆల్బెండజోల్ పురుగు తోలుని కొరకదు, పురుగుని కాల్చదు. తిత్తులు పోయే పట్టాలు, సూక్ష్మనాళికలు, బీటా ట్యూబులిన్ అనే ఇటుకలతో కట్టినవి. ఈ కుటుంబం మందులు పురుగు ట్యూబులిన్‌ని గట్టిగా పట్టుకుంటాయి, మన ట్యూబులిన్‌ని అంతగా పట్టుకోవు, అందుకే మాత్ర మనకి కాకుండా పురుగుకి తగులుతుంది. పట్టాలు కట్టుకోలేక పురుగు కణాల్లో రవాణా ఆగిపోతుంది. ఇదే కుటుంబంలోని మెబెండజోల్ ఇచ్చిన ఏలికపాముల పేగు కణాల్ని 1970ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పట్టాలు మాయం, గాల్జీ దగ్గర బయటికి పోవాల్సిన తిత్తులు కుప్పలు. బస్సులన్నీ డిపోలోనే.

సీ. ఎలిగాన్స్‌లో ఈ ఇటుక జన్యువు పేరు బెన్-1, 1989లో గుర్తించారు. దానికి ఇట్లాంటి ఇటుక జన్యువులు ఆరున్నాయి, మందు ముఖ్యంగా పట్టుకునేది బెన్-1ని. అది పూర్తిగా పోయిన పురుగు మిగతా ఇటుకలతో నెట్టుకొస్తుంది, మందు పోసిన ప్లేటు మీద హాయిగా పాక్కుంటూ పోతుంది.

చిన్నాయనకి ఇది చెప్పినప్పుడు ఆయన పట్టుపురుగుల్ని వదిలేసి గొర్రెల మాట ఎత్తినాడు, ఏటా తాపించే నట్టల మందు ఇప్పుడు కొన్ని మందలకి పనిచేయట్లేదని కాపర్లు అనుకుంటున్నారంట. వాళ్ల మందలో సంగతి నేను చెప్పలేను, పరీక్ష చేస్తేనే తెలిసేది. కానీ గొర్రె కడుపులో రక్తం తాగే హీమాంకస్ అనే నులిపురుగు మీద చాలా దేశాల్లో ఈ మందుల కుటుంబం పనిచేయడం మానేసింది, కారణం ఆ ఇటుకలో 200వ చోట ఫినైలాలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు టైరోసిన్ అనేది వచ్చి కూర్చోవడం, జన్యువులో మారింది ఒకే ఒక్క అక్షరం. మందు పట్టుకోవడానికి అక్కడ చోటు లేదు, పట్టాలు మామూలుగా పడతాయి, బండ్లు మామూలుగా తిరుగుతాయి.